తేదీలు రాసిన మనుషులు



సంక్రాంతి వచ్చిందంటే మా నల్లగొండ జిల్లా హాలియా చుట్టుపక్కల ఊళ్లల్లో ఆటల పోటీలు మొదలవుతాయి. కబడ్డీ, వాలీబాల్, క్రికెట్. బడి మైదానంలో సున్నంతో గీతలు గీస్తారు, మైకు పెడతారు, దాతల పేర్లతో ఫ్లెక్సీ కడతారు, మొదటి బహుమతి ఇంత, రెండో బహుమతి ఇంత అని చాటిస్తారు. పక్క మండలాల నుంచి ఆటోల్లో జట్లు దిగుతాయి. ఆ రెండు మూడు రోజులూ ఊరంతా అక్కడే ఉంటుంది. పండుగ వెళ్లిపోతే మైదానం ఖాళీ అవుతుంది. మళ్లీ సంక్రాంతి దాకా ఆ గీతలు గీసేవాళ్లుండరు.

ఈ పోటీల్లో చాలావరకు నాకౌట్ పద్ధతిలోనే జరుగుతాయి. ఓడిన జట్టు ఇంటికి పోవాల్సిందే. ముప్పై రెండు జట్లు వస్తే, పదహారు జట్లు ఒక్క ఆట ఆడి వెనుదిరుగుతాయి. ఏడాదంతా ఎదురుచూసిన పిల్లవాడికి దక్కేది ఆ ఒక్క ఆటే. అందులో వాడికి బంతి సరిగా అందకపోతే, కాలు జారితే, ఆ ఏడాదికి వాడి కథ ముగిసినట్టే. ఆ పిల్లల తరఫున మాట్లాడాలనే ఇవాళ మీ ముందుకు వచ్చాను. నా మాట ఇంగ్లండులో, 1888లో మొదలవుతుంది. హైదరాబాద్ మీదుగా మన దగ్గరికి వస్తుంది. కాస్త ఓపికగా వినండి.

1888 అంటే మనకు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం. పాలమూరుకు ఆయన పేరు ఇంకా రాలేదు. అది రెండేళ్ల తర్వాత, 1890లో వచ్చింది. ఆ 1888లో ఫుట్‌బాల్‌కు సంబంధించి రెండు పనులు జరిగాయి. ఒకటి ఇంగ్లండులో, ఒకటి మన దేశంలో. మన దేశంలో జరిగింది సిమ్లాలో. భారత ప్రభుత్వంలో విదేశాంగ కార్యదర్శిగా ఉన్న సర్ మార్టిమర్ డ్యూరాండ్ అక్కడి సైనిక పటాలాల కోసం ఒక కప్పు పెట్టాడు. తర్వాత అయిదేళ్లకు అఫ్ఘానిస్థాన్ సరిహద్దు గీత గీయించింది కూడా ఆయనే. డ్యూరాండ్ కప్ నాకౌట్ పోటీ. ఓడితే వెళ్లిపోవాలి. మొదటి ఏడాది రాయల్ స్కాట్స్ ఫ్యూజిలియర్స్ అనే పటాలం గెలిచింది. ఆ కప్పు ఇప్పటికీ ఆడుతున్నారు.

రెండో పని ఇంగ్లండులో జరిగింది. విలియం మెక్‌గ్రెగర్ అనే బట్టల వ్యాపారి ఒక ఉత్తరం రాశాడు. స్కాట్లండులో పుట్టి, బర్మింగ్‌హామ్ పక్కన ఆస్టన్‌లో దుకాణం పెట్టుకున్న మనిషి. ఆస్టన్ విల్లా క్లబ్బు వ్యవహారాలు చూసేవాడు. పెద్ద ఆటగాడేమీ కాడు. 1888 మార్చి 2న మరికొన్ని క్లబ్బులకు ఆయన ఉత్తరం రాశాడు. అందులో సంగతి చిన్నదే: పేరున్న పది పన్నెండు క్లబ్బులు కలిసి, ఏటా ఒకరి మైదానంలో ఒకసారి, మరొకరి మైదానంలో ఒకసారి ఆడేట్టు ముందే తేదీలు రాసుకుందాం. రాసుకున్న తేదీలు తప్పకుండా ఉందాం.

ఇంత చిన్న మాటకు అంత విలువ ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఆ క్లబ్బుల పరిస్థితి తెలియాలి. లాంకషైర్ ప్రాంతమంతా నూలు మిల్లులు. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టంతో శనివారం మధ్యాహ్నం రెండింటికి మిల్లులు ఆపాల్సి వచ్చింది. వారంలో ఆ పూట కూలీలకు సొంతం. ఆ పూటను వాళ్లు ఫుట్‌బాల్‌కు ఇచ్చారు. చూడటానికి జనం పెరిగారు, టికెట్టు డబ్బులు పెరిగాయి, మంచి ఆటగాడి కోసం క్లబ్బుల మధ్య పోటీ పెరిగింది. స్కాట్లండు నుంచి కుర్రవాళ్లను పిలిపించి, పేరుకు మిల్లులో ఉద్యోగం ఇచ్చి, చాటుగా ఆటకు డబ్బు ఇచ్చేవారు. చాటుగా ఎందుకంటే, ఆటను నడిపే ఫుట్‌బాల్ అసోసియేషన్ పెద్దలు డబ్బు తీసుకుని ఆడటాన్ని తప్పుగా చూసేవారు. వాళ్లకు తిండికి లోటు లేదు. పన్నెండేళ్లకే మిల్లులో చేరిన మనిషికి ఆట కోసం పూట కూలి వదులుకోవడం ఎంత కష్టమో వాళ్లకు తెలియదు.

ప్రెస్టన్ అనే మిల్లు పట్నంలో విలియం సడెల్ అని ఒక మిల్లు మేనేజరు ఉండేవాడు. ప్రెస్టన్ నార్త్ ఎండ్ జట్టును తీర్చిదిద్దింది ఆయనే. 1884లో లండను జట్టు ఒకటి వాళ్లమీద ఫిర్యాదు చేసింది, మీరు ఆటగాళ్లకు డబ్బిస్తున్నారని. సడెల్ దాచుకోలేదు. అవును, ఇస్తున్నాం, అందరూ ఇస్తున్నారు అన్నాడు. అసోసియేషన్ నడిపే నాకౌట్ పోటీ ఎఫ్.ఎ. కప్ నుంచి ప్రెస్టన్‌ను ఆ ఏడు తీసేశారు. దానికి బదులుగా సడెల్, ఉత్తరాది క్లబ్బులన్నిటినీ కలుపుకుని వేరు కుంపటి పెడతామని బెదిరించాడు. చివరికి 1885 జులై 20న, డబ్బు తీసుకుని ఆడటం చట్టబద్ధమైంది. కూలీ పిల్లవాడు తన కాలి పనితనానికి తలెత్తుకుని కూలి తీసుకునే హక్కు ఆ రోజున వచ్చింది. నాకు ఆ తేదీ మే డేకి తక్కువైనదిగా కనిపించదు.

కానీ హక్కు వచ్చాక కొత్త కష్టం వచ్చింది. ఆటగాడికి ప్రతివారం జీతం ఇవ్వాలి. ప్రతివారం ఆట మాత్రం ఉండదు. ఉన్నా ఖాయం లేదు. కప్పు పోటీ అడ్డొస్తే ముందే ఒప్పుకున్న మ్యాచ్ రద్దయ్యేది. ఎదుటి జట్టు సగం మందితో వచ్చేది, లేదా రానే వచ్చేది కాదు. డబ్బు పెట్టి వచ్చిన జనం తిట్టుకుంటూ వెళ్లిపోయేవారు. కప్పులో మొదటి రౌండులోనే ఓడితే ఆ క్లబ్బుకు మిగిలిన ఏడంతా ఏమీ లేదు. మెక్‌గ్రెగర్ ఉత్తరం ఈ జబ్బుకు మందు.

మన లాల్ బహదూర్ కాలువ కింది రైతుకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. నీళ్లకు కొరత వచ్చిన ఏడు ఆన్ అండ్ ఆఫ్ పెడతారు. ఇన్ని రోజులు నీళ్లు, ఇన్ని రోజులు బంద్. ఆ తేదీలు ముందే తెలిసి, చెప్పినట్టు జరిగితే, చివరి భూముల రైతు కూడా ధైర్యంగా నారు పోసుకుంటాడు. తేదీ తప్పిందంటే కాలువలో ఎంత నీరు పారినా అతనికి భరోసా ఉండదు. మెక్‌గ్రెగర్ ఆటకు ఇచ్చింది ఆ భరోసాయే.

1888 ఏప్రిల్‌లో మాంచెస్టర్‌లోని ఒక హోటల్లో కూర్చుని పన్నెండు క్లబ్బులు ఒప్పందానికి వచ్చాయి. ఆ ఏర్పాటుకు లీగ్ అని పేరు. ఆరు లాంకషైర్‌వి: ప్రెస్టన్, బ్లాక్‌బర్న్, బోల్టన్, బర్న్‌లీ, ఎవర్టన్, ఆక్రింగ్టన్. ఆరు మధ్య ఇంగ్లండువి: ఆస్టన్ విల్లా, వెస్ట్ బ్రామ్విచ్, వుల్వర్‌హాంప్టన్, డార్బీ, స్టోక్, నాట్స్ కౌంటీ. లండను నుంచి ఒక్కటీ లేదు. చాలావరకు మిల్లులు, బొగ్గు గనులు, కుండల బట్టీల పట్నాలే. ఒక్కో జట్టుకు ఇరవై రెండు మ్యాచ్‌లు. మొత్తం నూట ముప్పై రెండు. ఎక్కడ, ఎప్పుడు అన్నది ఆట మొదలయ్యే ముందే కాగితం మీద ఉంది.

1888 సెప్టెంబర్ 8, శనివారం. మొదటి రోజు అయిదు మ్యాచ్‌లు. బోల్టన్ మొదట మూడు గోల్స్ కొట్టింది, అయినా డార్బీ ఆరు తిప్పికొట్టి 6-3తో గెలిచింది. ప్రెస్టన్ తన మైదానంలో బర్న్‌లీని 5-2తో ఓడించింది. ఆన్‌ఫీల్డ్‌లో ఎవర్టన్ 2-1తో ఆక్రింగ్టన్ మీద గెలిచింది. ఇవాళ లివర్‌పూల్ పేరు చెబితే గుర్తొచ్చే ఆ ఆన్‌ఫీల్డ్ అప్పట్లో ఎవర్టన్‌ది. గోలుకు వల లేదు. పెనాల్టీ కిక్ లేదు. ఆ రెండూ 1891లో వచ్చాయి. బంతి గోలులోకి పోయిందా, పక్కనుంచి పోయిందా అని మనుషులు వాదించుకునే రోజులు.

ఇంకో సంగతి విన్నారంటే ఆశ్చర్యపోతారు. గెలిస్తే ఎన్ని పాయింట్లు, డ్రా అయితే ఎన్ని అన్నది ఆట మొదలైన నాటికి తేల్చుకోలేదు. నవంబర్ దాకా వాదన సాగింది. చివరికి గెలుపుకు రెండు, డ్రాకు ఒకటి అని నిర్ణయించారు. అంటే విజేతను ఎలా లెక్కించాలో తెలియకుండానే రెండు నెలలకు పైగా ఆడారు. తేదీలు మాత్రం ఉన్నాయి. ముందుగా కావలసింది ఏదో వాళ్లకు తెలుసు.

ఆ సీజన్‌లో ప్రెస్టన్ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. పద్దెనిమిది గెలిచింది, నాలుగు డ్రా చేసింది. డెబ్బై నాలుగు గోల్స్ కొట్టి పదిహేనే ఇచ్చింది. నలభై పాయింట్లు. రెండో స్థానంలో ఉన్న ఆస్టన్ విల్లాకు ఇరవై తొమ్మిది. అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడు ప్రెస్టన్‌కే ఆడిన జాన్ గూడాల్. అదే ఏడు ఎఫ్.ఎ. కప్ కూడా ప్రెస్టన్‌దే. ఫైనల్లో వుల్వ్స్‌ను 3-0తో ఓడించింది. కప్పు మొత్తం మీద ఒక్క గోలూ ఇవ్వలేదు. ఓటమి ఎరగనివాళ్లు అని వాళ్లకు పేరొచ్చింది. జట్టులో సగానికి పైగా స్కాట్లండు కుర్రాళ్లు. వాళ్ల మధ్య ఒక బడి పంతులు, ఒక డాక్టరు కూడా ఉన్నారు. పంతులు ఫ్రెడ్ డ్యూహర్స్ట్ జట్టుకు కెప్టెన్.

స్టోక్ అడుగున నిలిచింది. పన్నెండే పాయింట్లు. కానీ ఆ జట్టు కూడా ఇరవై రెండు మ్యాచ్‌లూ ఆడింది. ఓడుతూ ఉన్నా వచ్చే శనివారం ఆట ఉంది. ఓడినవాడికీ మళ్లీ ఆట ఉండటం అంటే ఇదే.

అన్నీ మంచి సంగతులే అని చెప్పను. జట్టుకు సడెల్ పెట్టిన ఖర్చులో మిల్లు డబ్బు కూడా ఉందని తర్వాత బయటపడింది. 1895లో నిధుల దుర్వినియోగం కేసులో ఆయనకు మూడేళ్ల జైలు పడింది. ప్రెస్టన్ మరుసటి ఏడు కూడా లీగ్ గెలిచింది, ఆ తర్వాత ఇప్పటిదాకా మళ్లీ గెలవలేదు. ఆక్రింగ్టన్ అయిదేళ్లకే లీగ్ వదిలేసింది. డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, ఎంతకాలం వస్తుంది అన్న ప్రశ్న ఈ ఆటకు పుట్టుకతోనే వచ్చింది. కానీ మనుషులు పడిపోయినా, జట్లు వెళ్లిపోయినా, తేదీల కాగితం మాత్రం ఏటా వచ్చింది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1888లో ఇంగ్లండుకు లీగ్ వచ్చింది. మనకు కప్పు వచ్చింది. మన ఫుట్‌బాల్ నడక ఆ తేడాతోనే సాగిందని నా నమ్మకం. 1891లో బొంబాయిలో రోవర్స్ కప్, 1893లో కలకత్తాలో ఐ.ఎఫ్.ఎ. షీల్డ్. 1911లో మోహన్ బగాన్ కుర్రవాళ్లు, ఒకరు తప్ప అందరూ ఒట్టికాళ్లతో, ఈస్ట్ యార్క్‌షైర్ పటాలాన్ని 2-1తో ఓడించింది ఆ షీల్డ్ ఫైనల్లోనే. మనం గర్వంగా చెప్పుకునే గెలుపులన్నీ కప్పులవే. లీగ్ కూడా ఒకచోట మొదలైంది, 1898లో కలకత్తాలో. మొదట్లో అది తెల్లవాళ్ల జట్లది. మన జట్లకు మొదటి డివిజన్ తలుపు తెరుచుకున్నది 1914 ప్రాంతంలో, 1934లో మొహమ్మడన్ స్పోర్టింగ్ దాన్ని గెలిచింది. కలకత్తాలో లీగ్ ఉందన్న ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో పని ఉంది.

హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడి పంతులు ఉండేవారు. 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బళ్లలో పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. 1963లో కన్నుమూసేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. ఇరవై ఏళ్లు. దేశమంతా ఆయన్ను గొప్ప కోచ్‌గా తలుచుకుంటుంది. అజయ్ దేవ్‌గణ్ నటించిన మైదాన్ సినిమా 2024లో వచ్చాక ఈ తరం పిల్లలకు కూడా ఆయన పేరు తెలిసింది. నాకు మాత్రం ఆ ఇరవై ఏళ్ల కార్యదర్శి ఉద్యోగమే ఆయన అసలు పని అనిపిస్తుంది.

ఆ ఉద్యోగంలో ఆయన నగరంలోని పిల్లలకు పోటీలు పెట్టారు, అవి కూడా ఎవరూ ఊహించని పోటీలు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు. అంటే బంతిని కాలి దగ్గరే పెట్టుకుని ఒంటరిగా దూసుకుపోవడం కుదరదు. రాగానే తోటివాడికి అందించాలి. ఇంకోదాంట్లో చేతకాని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్న పిల్లవాడు పోటీ అంతా ఎడమకాలితో తన్నాలి. ఇలాంటి పోటీలు ఆడుతూ పెరిగిన పిల్లవాడికి రెండు కాళ్లూ పనిచేస్తాయి, తల పైకెత్తి తోటివాణ్ని చూసే అలవాటు వస్తుంది. పంతులు గనక ఆయనకు తెలుసు, ఒక్క పరీక్షతో ఏ పిల్లవాడూ నేర్చుకోడని, రోజూ పలక పట్టాలని.

ఆయన చేతికి వచ్చిన పెద్ద జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. ఆటగాళ్లను పోలీసు ఉద్యోగంలోకి తీసుకునేవారు. లాంకషైర్ మిల్లులో స్కాట్లండు కుర్రవాడికి ఉద్యోగం ఇచ్చిన ఏర్పాటే ఇదీ. ఒలింపిక్స్‌కు పోవాలంటే ఆటకు జీతం తీసుకోకూడదన్న రోజులవి. కాబట్టి జీతం పోలీసు ఉద్యోగానికి, ఆట దేశానికి.

1950లో బొంబాయిలో రోవర్స్ కప్ హైదరాబాద్ సిటీ పోలీస్ గెలిచింది. 1951లో మళ్లీ. 1952, 1953, 1954. వరుసగా అయిదేళ్లు ఆ కప్పు హైదరాబాద్‌కే వచ్చింది. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించి దాన్నీ తెచ్చారు. 1954లో మరోసారి. గోల్ దగ్గర ఫ్రువాల్, వెనుక వరుసలో అజీజుద్దీన్, మధ్యలో నూర్ మహమ్మద్. ఈ పేర్లు ఆ రోజుల్లో పాతబస్తీలో ఎవరినడిగినా చెప్పేవారట.

ఇక్కడ మన జిల్లా మాట చెప్పకుండా ముందుకు పోలేను. 1950లో నల్లగొండ ఊళ్లల్లో పోలీసు అన్న మాటకు అర్థం వేరు. తెలంగాణ సాయుధ పోరాటం 1951 అక్టోబర్‌దాకా సాగింది. పోలీసు క్యాంపులు, రాత్రి సోదాలు, పట్టుకుపోయిన మనుషులు. ఆ రోజుల్లో బొంబాయిలో వేలమంది హైదరాబాద్ పోలీసుల ఆటకు చప్పట్లు కొడుతున్నారన్న సంగతి మన ఊళ్లకు చేరిందో లేదో, చేరినా సంతోషించే స్థితి ఎవరికుంది? నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు పునాదిరాయి పడ్డది 1955 డిసెంబర్ 10న. కాలువల్లోకి నీళ్లు వదిలింది 1967లో. ఆ నడుమంతా హాలియా మెట్టపంటల ఊరే. హైదరాబాద్ ఫుట్‌బాల్ స్వర్ణయుగం అని పుస్తకాల్లో రాసుకున్న కాలం మనకు కరువు కాలం, భయపడిన కాలం. నగరం గొప్పదనం చెప్పేటప్పుడు ఈ మాట కూడా చెప్పాలి. ఆ ఆట మన దాకా రాలేదు. అరవై డెబ్బై మైళ్ల దూరం దాటలేదు.

రహీం దేశం జట్టును కూడా చూసుకున్నారు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్ మీద 1-0తో బంగారు పతకం. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓటమి. మనవాళ్లలో చాలామంది ఒట్టికాళ్లతో ఆ చలిలో ఆడారు. అంత పెద్ద దెబ్బ తిన్నాక బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు, 1956లో, మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డమీదే 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. ఆసియా దేశం ఒకటి ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతదూరం వెళ్లడం అదే మొదటిసారి. చివరికి నాలుగో స్థానం. ఆ జట్టులో మన హైదరాబాదీలు ఉన్నారు, వాళ్లలో ఇరవై ఏళ్లు నిండిన తులసీదాస్ బలరాం ఒకడు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రవాడు, పేదింటి బిడ్డ.

1962 జకార్తా గురించి ఎంత చెప్పినా తక్కువే. రహీంకు అప్పటికే క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. తలకు గాయమైన జర్నైల్ సింగ్ వెనుక ఆడే మనిషి. అతన్ని రహీం ముందు వరుసకు పంపారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో అదే కొరియా. స్టేడియం నిండా జనం, అందరూ మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, తలకు కట్టుతో జర్నైల్ ఒక గోలు. 2-1. హైదరాబాద్ పోలీసు జట్టు నుంచి వెళ్లిన యూసుఫ్ ఖాన్ ఆ రోజు మైదానంలో ఉన్నాడు. ఆ తర్వాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం చనిపోయారు. యాభై మూడేళ్లు.

ఆయన పెంచిన పంట ఇంకొన్నాళ్లు చేతికొచ్చింది. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మనకు కంచు పతకం వచ్చింది, అదే మన చివరి పతకం. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదీ. మహమ్మద్ హబీబ్ కూడా హైదరాబాదీయే. ఆ ఇద్దరూ పేరు తెచ్చుకున్నది కలకత్తాలో. బలరాం 1957లోనే అక్కడి ఈస్ట్ బెంగాల్ జట్టుకు వెళ్లిపోయాడు. తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. దారి ఒకటే. మంచి ఆటగాడు ఎదిగితే కలకత్తా రైలెక్కేవాడు. ఎందుకు? బెంగాలీలకు ఆటంటే ప్రాణమని అంటారు. నిజమే. కానీ హైదరాబాద్‌లో ప్రాణం తక్కువేమీ లేదు. కలకత్తాలో పెద్ద జట్లు, పెద్ద జనం ఉన్న లీగ్ ఉంది. ఏడాదిలో ఎన్నో మ్యాచ్‌లు, టికెట్టు కొని వచ్చే వేలమంది, దానివల్ల ఆటగాడికి నాలుగు డబ్బులు. మన నగరంలో స్థానిక పోటీలు ఉన్నా, పేరూ డబ్బూ తెచ్చేవి బొంబాయిలో, ఢిల్లీలో జరిగే కప్పులే. కప్పు గెలిచి రైలు దిగితే నాంపల్లిలో పూలదండలు. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడో. కప్పుల మీద బతికిన నగరం లీగ్ ఉన్న నగరానికి తన పిల్లల్ని ఇచ్చుకుంది. నేను చూసినంతలో హైదరాబాద్ ఫుట్‌బాల్ చిక్కిపోవడానికి పెద్ద కారణం ఇదే. క్రికెట్ వచ్చి మింగేసిందనే మాట సగం నిజం.

మన దేశానికి జాతీయ లీగ్ 1996లో వచ్చింది. మెక్‌గ్రెగర్ ఉత్తరం తర్వాత నూట ఎనిమిదేళ్లకు. ఇండియన్ సూపర్ లీగ్ 2014లో. హైదరాబాద్ పేరుతో జట్టు అందులోకి 2019లో వచ్చింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా మైదానంలో ఆ జట్టు కేరళ బ్లాస్టర్స్ మీద గెలిచి లీగ్ ట్రోఫీ ఎత్తింది. ఎనభై ఎనిమిదో నిమిషంలో సాహిల్ తవోరా గోలుతో 1-1. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమని మూడు ఆపాడు. ఆ రాత్రి నేను చాలాసేపు నిద్రపోలేదు. కానీ కరోనా వల్ల ఆ సీజన్ అంతా గోవాలోనే జరిగింది. హైదరాబాద్ పేరు గల జట్టు దేశంలో అతిపెద్ద లీగ్ గెలిచిన ఏడాది, హైదరాబాద్ మైదానంలో ఆ జట్టు ఒక్క లీగ్ మ్యాచ్ ఆడలేదు. తర్వాత డబ్బు ఇబ్బందులు వచ్చాయి. పెద్ద ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2025లో ఆ జట్టే ఢిల్లీకి తరలిపోయింది, పేరు మార్చుకుని. మొదటి లీగ్‌లో అట్టడుగున నిలిచిన స్టోక్ జట్టు ఇవాళ్టికీ స్టోక్‌లోనే ఉంది. ట్రోఫీ గెలిచిన మన జట్టు మూడేళ్లకే ఊరు విడిచింది. ఇది నాకు నిజంగా బాధ కలిగించిన సంగతి.

పై నుంచి దింపిన లీగ్‌కు కింద వేళ్లు లేకపోతే ఏమవుతుందో ఇది చూపిస్తుంది. వేళ్లు ఊళ్లల్లో ఉంటాయి. అందుకే నాకు నగరం స్టేడియం కంటే మన బడి మైదానం మీదే ఆశ ఎక్కువ.

నా ప్రతిపాదన ఇది. వినే పెద్దలు, వ్యాయామ ఉపాధ్యాయులు, యువజన సంఘాలవాళ్లు ఆలోచించాలని మనవి. అనుముల, పెద్దవూర, నిడమనూరు, త్రిపురారం, గుర్రంపోడు, తిరుమలగిరి సాగర్. ఆరు మండలాలు. మండలానికి ఒక జట్టు. ఫుట్‌బాల్ అయితే మంచిది, ఒక బంతి ఉంటే చాలు. లేదంటే కబడ్డీ అయినా సరే. ప్రతి జట్టూ మిగతా అయిదింటితో ఒకసారి తన మైదానంలో, ఒకసారి వాళ్ల మైదానంలో ఆడాలి. ఒక్కో జట్టుకు పది ఆటలు. ఆదివారానికి మూడు మ్యాచ్‌లు, పది ఆదివారాలకు ముప్పై. సంక్రాంతి వెళ్లిన వారం మొదలుపెడితే ఉగాది దగ్గరికి పూర్తవుతుంది. నాట్లు అయిపోయి ఉంటాయి, ఎండలు ముదరవు. పదో తరగతి పిల్లలకు పరీక్షలు అడ్డొస్తే వాళ్ల స్థానంలో ఆడేందుకు ప్రతి జట్టులో నలుగురు ఎక్కువ ఉండాలి. సంక్రాంతికి ఫ్లెక్సీలకు, మైకుకు, మొదటి బహుమతికి పెట్టే డబ్బులో సగం దీనికి ఇస్తే ఆటోల కిరాయిలకూ మంచినీళ్లకూ సరిపోతుంది. దాతల్ని అడగాల్సిన పద్ధతి కూడా మారాలి. ఫైనల్లో కప్పు ఇచ్చే దాత మనకు దొరుకుతాడు. అయిదో వారం ఆటకు ఆటో కిరాయి ఇచ్చే దాత కావాలి.

ఒకటే షరతు. తేదీలు సంక్రాంతికి ముందే రాసి, ఆరు మండలాల్లోని బళ్ల నోటీసు బోర్డుల మీద అంటించాలి. ఎమ్మెల్యే గారు వస్తారని ఆదివారం మార్చొద్దు. ఒక జట్టుకు ఏడుగురే వచ్చినా ఆట ఆపొద్దు. ఆ కాగితం రాయడానికి, పది వారాలు దాన్ని కాపాడటానికి మండలానికి ఒక్క మనిషి కావాలి. మీ ఊళ్లో ఆ పని చేయగలిగినవారు ఎవరో మీకే బాగా తెలుసు. రేపు వెళ్లి వారిని అడగండి.